పడవ దగ్గర ఆగినవాళ్ళు

బోర్డులు రాసే ఆయన "అయిపో" దాకా రాసి, మళ్ళీ రంగు డబ్బాలో కుంచె ముంచుతుండగా పట్టుకున్నాను.

"ఆగండి. ఏం రాస్తున్నారు?"

"మీరు చెప్పిందేనమ్మా. కొట్టు ఎత్తేస్తున్నాం, పుస్తకాలన్నీ సగం ధర, త్వరగా రండి, అయిపోతున్నాయి."

"త్వరగా రండి వరకే నేను చెప్పింది. ఆ చివరి మాట మీ సొంత కవిత్వం. చెరిపేయండి."

ఆయన నిచ్చెన మీద నుంచే నన్ను ఎగాదిగా చూశాడు. "ముప్ఫై ఏళ్ళుగా బోర్డులు రాస్తున్నాను. అయిపోతున్నాయి అంటే తప్పని ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. మరేం రాయమంటారు?"

"నిండుకుంటున్నాయి అని రాయండి."

"బియ్యం నిండుకున్నాయంటారు గానీ, పుస్తకాలు నిండుకోవడమేంటమ్మా? చదివినవాడు కొట్టు నిండా కొత్త సరుకు దిగిందనుకుంటాడు."

ఆయన మాటలో న్యాయం ఉంది. కానీ ఎదుటివాళ్ళ మాటలో న్యాయం ఉందని ఒప్పుకునే ఓపిక నాకు పుట్టుకతోనే లేదు. ఇంకో రెండు మాటలు అనేదాన్నే, లోపల కుర్చీలోంచి మామయ్య దగ్గారు. 'అమ్మాయ్, పాపం వదిలెయ్' అని ఆ దగ్గుకి అర్థం. వదిలేశాను. చివరి మాట ఉన్నచోట గుడ్డతో తుడిచిన మరక ఒకటి మిగిలింది. అలాగే ఉండనిమ్మన్నాను.

మా కొట్లో "అయిపోయింది" అనే మాట వాడరు. పప్పు డబ్బా అడుగు కనబడితే ఇంట్లో "నిండుకుంది" అంటాం కదా, మామయ్య పుస్తకాలకీ అదే మాట వాడతారు. లేని పుస్తకం ఎవరైనా అడిగితే "నిండుకుందండీ, తెప్పిస్తాను" అంటారు. పెళ్ళయి ఈ కొట్లో అడుగుపెట్టిన మొదటి రోజే నాకూ చెప్పారు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఇదేం చాదస్తమని లోపల నవ్వుకున్నాను. ఆ నవ్వుకి ఫలితం గుమ్మం పక్కన కింది అరలో, ముప్ఫై ఒక్క పుస్తకాలై, ఇరవై ఆరేళ్ళుగా కూర్చుని ఉంది.

అప్పట్లో మామయ్య కంటి ఆపరేషన్‌కి వెళ్ళి వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. కొట్టు నా చేతిలో పెట్టారు. ఆ వారమే ఒక పెద్ద నవల నలభై ప్రతులు వచ్చాయి. అందులో ఒకమ్మాయి ఇంట్లోంచి బయటపడి, ట్రంకు పెట్టె పట్టుకుని, నది దాటడానికి పడవ కోసం నిలబడుతుంది. పడవ వస్తున్నట్టు దూరంగా దీపం కనబడుతుంది. అక్కడితో పుస్తకం ఆఖరు. మొదటి భాగమని గానీ, ఇంకా ఉందని గానీ ఎక్కడా అచ్చువేయలేదు. నేను పోటీ పెట్టుకున్నట్టు అందరికీ అంటగట్టాను. మామయ్య ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాటికి అల్మరా ఖాళీ. ఎంత గర్వపడ్డానో.

తర్వాత నెల రోజుల పాటు ఒక్కొక్కరే వచ్చి అడిగారు, "ఇంతేనా అమ్మా, ఇంకేమైనా ఉందా?" అని. నేను అల్మరా వంక చూసి "అయిపోయిందండీ" అన్నాను. నా ఉద్దేశంలో ప్రతులు అయిపోయాయి. వాళ్ళకి అర్థమైంది వేరు, కథ అయిపోయిందని. నిండుకుంది అని ఉంటే, ఏం నిండుకుందని ఒక్కరైనా అడిగేవారు. అయిపోయింది అంటే ఇంకేం అడుగుతారు? తలొంచుకుని వెళ్ళిపోయారు.

మామయ్యకి ఎలా అనుమానం వచ్చిందో గానీ ఆ పుస్తకం వేసినవాళ్ళకి ఉత్తరం రాశారు. రెండు నెలలకి రెండో భాగం నలభై ప్రతులు దిగాయి. అట్ట విప్పి చూశాక, నెల్లాళ్ళు నేను చెప్పింది అబద్ధమని తెలిసింది. మామయ్య రెండో భాగం వచ్చిందని గుమ్మానికి బోర్డు పెట్టారు. తొమ్మిదిమంది వచ్చి తీసుకున్నారు. మిగతావాళ్ళు రాలేదు. ఎందుకొస్తారు, వాళ్ళ లెక్కలో కథ అయిపోయింది కదా. ఆ ముప్ఫై ఒక్కటినీ కింది అరలో సర్ది మామయ్య అన్నారు, "వీటికి మనుషులున్నారమ్మాయ్. ఇవి అమ్మేవి కావు, అందించేవి."

ఇప్పుడు కొట్టు గోడ పైనుంచి కిందిదాకా బీటలిచ్చింది. భవనం పడగొడతారట. పన్నెండు రోజుల్లో, శనివారం సాయంత్రం ఐదింటికి తాళాలు ఇచ్చేయాలి. మామయ్యకి ఎనభై ఎనిమిది. మనిషి నీడ కనబడుతుంది గానీ అక్షరం కనబడదు. మా ఆయన ఎలక్ట్రీషియన్. ఆయన దృష్టిలో చదవాల్సిందంటూ ఏదైనా ఉంటే అది కరెంటు మీటరు. కొత్తచోట మళ్ళీ మొదలుపెట్టే శక్తి మాకు లేదు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాకు ఏదొచ్చినా ముందు కోపం రూపంలోనే వస్తుంది.

చిత్తు కాగితాల ఆయన ఆరోజే వచ్చాడు. మిగిలిన పుస్తకాలనీ చెక్క అల్మరాలనీ తీసుకుంటానని మా ఆయనతో ముందే మాట్లాడుకున్నాడట. కొట్టంతా కళ్ళతోనే తూకం వేసి, చివరికి కింది అర దగ్గర ఆగి చెప్పు కొనతో తట్టాడు.

"ఇవన్నీ ఒకటే పుస్తకమా అమ్మా? అమ్ముడుపోనివి. బరువు బాగానే తూగుతాయి."

"ఆ కాలు వెనక్కి తీయండి."

తీశాడు. మంచివాడే. "శనివారం ఐదింటికి బండి తెస్తాను" అన్నాడు.

"తీసుకురండి. అల్మరాలు ఎత్తుకెళ్ళండి. వీటిలో ఒక్కటి కూడా మీ త్రాసు ఎక్కదు."

ఆ మాట అన్నాక గానీ, ఎంత మాట అన్నానో నాకు తెలియలేదు. పన్నెండు రోజులు, ముప్ఫై ఒక్కమంది. అయినా సరే, ఇన్నేళ్ళూ మొహం చెల్లక వెళ్ళలేదు గానీ, నా నోటితో ఆపినవాళ్ళని నా కాళ్ళతో నడిచి వెతుక్కోవాలి. తాడో పేడో తేల్చుకోవాల్సిందే అనుకున్నాను.

మామయ్య దగ్గర పాఠకుల పుస్తకమని ఒకటి ఉండేది. డబ్బు లెక్కలది కాదు, మనుషులది. ఏ పుస్తకం ఎవరు తీసుకున్నారో, వాళ్ళకి ఇంకేం నచ్చుతుందో రాసుకునేవారు. ఆయనకి పేర్లు గుర్తుండవు కాబట్టి గుర్తులే రాసేవారు. ఆసుపత్రికి వెళ్తూ, నన్నూ అలాగే రాయమన్నారు. అటకమీద నుంచి దాన్ని దించి, దుమ్ము దులిపి, ఆ వారం పేజీలు తీశాను. తీసి నాలుక కరుచుకున్నాను. ఇరవై రెండేళ్ళ పొగరుతో నేను రాసిన గుర్తులు అవి. "ముక్కు మీద కోపం, మెడలో టేపు." "నవ్వినా మీసం కదలదు, డిపో." "గొడుగు మళ్ళీ మర్చిపోయాడు." "బేరం ఆడుతుంది, ఓడిపోతుంది." ఇలా ముప్ఫై తొమ్మిది వరసలు. తీసుకున్న తొమ్మిదిమందినీ కొట్టేస్తే ముప్ఫై మిగిలారు.

"మామయ్యా, ఒక మనిషి తక్కువొస్తున్నారు. నలభయ్యోది ఎవరు తీసుకున్నారో రాయలేదు నేను."

"ముందు రాసినవాళ్ళ సంగతి చూడు" అన్నారాయన. "ఆ ఒక్కరు ఎక్కడికీ పోరు."

బోర్డు ఆయన్ని మళ్ళీ పిలిచాను. ఈసారి నేను చెప్పింది చెప్పినట్టు రాశాడు. "పడవ దగ్గర ఆగిపోయినవాళ్ళు లోపలికి రండి. అవతల ఏమైందో ఉచితం." రాసి, దిగి, "ఇది మాత్రం బావుందమ్మా" అన్నాడు.

సగం ధరకి వచ్చే జనంతో కొట్టు కిటకిటలాడింది. పుస్తకాలు చంకల్లో పెట్టుకుని పోతున్నారు. మధ్య మధ్యలో ఒకరు గుమ్మంలో నిలబడి, బోర్డు వంక చూసి, నెమ్మదిగా "పెట్టె పట్టుకుని నిలబడుతుంది, ఆవిడేనా?" అని అడిగేవారు. అలా ఐదు రోజుల్లో పదకొండుమంది వచ్చారు. ఒకావిడ అత్తగారి తరఫున తీసుకుంది. అత్తగారు పోయి నాలుగేళ్ళయిందట. "మనవలకి ఆ కథే చెప్పేది, రోజుకో ముగింపు పెట్టి. అసలుది కూడా వాళ్ళకి చెప్పాలి" అంది. ఇంకా ఇరవై ఉన్నాయి.

ఇక కూర్చుంటే లాభం లేదని కొట్టు మా ఆయనకి అప్పగించి వీధిన పడ్డాను. ముందుగా ముక్కు మీద కోపం ఆవిడ. మెడలో టేపు అంటే దర్జీ అయి ఉండాలి. నాలుగు కుట్టు కొట్లు తిరిగాక ఐదోదాంట్లో దొరికింది. జుట్టు నెరిసింది గానీ ముక్కు మారలేదు.

"పడవ దగ్గర ఆగిపోయింది మీరేనా?" అన్నాను.

మిషను ఆపింది. "ఎవరు ఆగారు? అయిపోయిందన్నావుగా నువ్వు. మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచొచ్చి, ఇంతేనా అని అడిగాను. అయిపోయిందండీ అన్నావు, ఏదో పెరుగు అయిపోయినట్టు. ఆడపిల్లని అలా గట్టు మీద వదిలేస్తాడా అని ఆ రాసినాయన్ని ఇరవై ఆరేళ్ళుగా తిడుతున్నాను."

"ఆ తిట్లు నావి. నాకు తిప్పేయండి."

"మోయలేవు" అంది. పుస్తకం అందుకుని, చేతులు తుడుచుకుని మరీ తెరిచింది. నా చంకలో ఉన్న పాఠకుల పుస్తకం చూసి, "అందులో నన్నేమని రాసుకున్నావు?" అంది.

వెనక్కి దాచబోయాను. లాక్కుని చదివింది. పక్కన కాజాలు కుట్టే ఆవిడ సూది ఆపి మెడ చాచింది.

"టేపు సంగతి నిజమే" అంది చివరికి.

ఆవిడ మాట విని ఆ నవల కొన్నవాళ్ళు ఇంకో ఇద్దరున్నారట, ఆడపడుచూ పక్కింటి పిన్నీ. ఆ రెండూ తనే అందిస్తానంది. వెతకబోయిన తీగ కాలికి తగిలిందంటే ఇదే. అయితే తీగ అన్నిసార్లూ తగల్లేదు. మిగతా వారమంతా కాళ్ళు అరిగేలా తిరిగాను. బేరం ఆడి ఓడిపోయే ఆవిడ ఇప్పుడు కూరగాయల దుకాణం నడుపుతోంది. ఈసారి బేరమే ఉండదన్నాక, ఇలా ఊరికే ఇస్తే అనుమానంగా ఉందంది. ఒక మాస్టారు మొదటి భాగం అద్దాల బీరువాలోంచి తీసి చూపించారు. ఒకాయన నేనెవరో తెలియగానే తలుపు వేసేసి, పుస్తకం కిటికీలోంచి తీసుకున్నాడు. అందరి దగ్గరా ఒకటే మాట పడ్డాను, "నువ్వే కదా అయిపోయిందన్నావు" అని. పడాల్సిన మాటే కాబట్టి పడ్డాను. గురువారం నాటికి మూడు మిగిలాయి.

శుక్రవారం డిపోకి వెళ్ళాను. మీసం కదలని ఆయన ఇప్పుడు రిటైరవబోయే డ్రైవరు. బస్సు మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. పుస్తకం చూపించి సంగతంతా చెప్పాను. గ్లాసు పక్కన పెట్టాడు గానీ చెయ్యి చాచలేదు.

"వద్దమ్మా."

"ఊరికే ఇస్తున్నాను."

"దాని గురించి కాదు. ఆవిడ పడవ ఎక్కింది. నాకు తెలుసు. ఇప్పుడు మీ పుస్తకం కాదంటే నేనేం కావాలి?" డిపో గేటు వంక చూస్తూ చెప్పాడు. "అప్పట్లో మా చెల్లికి ఇష్టం లేని సంబంధం ఖాయం చేశారు. చదువుకుంటాను, వేరే ఊరు పోతాను అని ఏడ్చింది. ఇంట్లో అందరూ ఒకవైపు. నాకు ఎటూ తోచలేదు. మీ దగ్గరికొచ్చి అడిగాను, ఇంతేనా అని. అయిపోయింది అన్నారు. అయితే ఎక్కిందో లేదో తేల్చాల్సింది నేనే అన్నమాట అనుకున్నాను. తెల్లారి మొదటి బస్సుకి మా చెల్లిని నేనే ఎక్కించాను."

నేను చేసిన తప్పు ఎవరికో మంచి చేసిందని సంతోషించాలో, ఇన్నాళ్ళూ తెలియనందుకు ఏడవాలో తేల్చుకోలేకపోయాను.

"ఇంతకీ మీరు చదివారా? ఎక్కిందా?" అని అడిగాడు.

"చదవలేదు. నావల్ల ఆగినవాళ్ళంతా దాటాక చదవాలనుకున్నాను."

"ఇరవై ఆరేళ్ళా?"

"మొండిదాన్ని."

"రేపు చూద్దాంలెండి" అన్నాడు, నన్ను పంపేయడానికి అన్నట్టే. పుస్తకం మాత్రం తీసుకోలేదు.

శనివారం పొద్దున గొడుగులు బాగుచేసే ఆయన దగ్గర గొడుగు మర్చిపోయే మనిషి ఆచూకీ దొరికింది. ఎప్పుడో ఊరు మారిపోయాడు. రిపేరుకిచ్చిన గొడుగు మాత్రం ఇంకా అక్కడే ఉంది, పిడికి చిరునామా చీటీతో సహా. పుస్తకమూ గొడుగూ కలిపి కట్టి మధ్యాహ్నం పోస్టులో పంపించాను. తిరిగొచ్చేసరికి కొట్లో పుస్తకాలు లేవు. సగం ధర కాస్తా పావు ధరై, చివరికి మిగిలిన కాసినీ మాస్టారు బడి పిల్లల కోసం ఆటోలో వేసుకెళ్ళారు. ఖాళీ అల్మరాల మధ్య నా మాట నాకే రెండుసార్లు వినిపించింది. కింది అరలో మాత్రం రెండు నిలబడి ఉన్నాయి.

మూడింటికి డ్రైవరు వచ్చాడు, యూనిఫారంలోనే.

"రాత్రి మా చెల్లికి ఫోన్ చేశాను. ఎక్కకపోతే దానికే నష్టం, నేనైతే ఎక్కాను, పుస్తకం తెచ్చుకో అంది." మీసం కదిలింది. నేను కళ్ళారా చూశాను.

ఇక ఒక్కటే ఉంది. నాలుగున్నర దాటింది. పాఠకుల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా పదోసారి తిరగేశాను. వీధిలోకి వెళ్ళి దారిన పోయేవాళ్ళని ఆపి అడిగాను, "మీరేమైనా పడవ దగ్గర ఆగారా?" అని. ఒకాయన పడవలు ఈ రోడ్డు మీద నడవవమ్మా అని జాలిగా చెప్పి వెళ్ళాడు. అంతలో చిత్తు కాగితాల ఆయన బండి తోసుకుంటూ రానేవచ్చాడు, గంట కొట్టకముందే.

"ఒక్కటేనా మిగిలింది? ఇటివ్వమ్మా. తూకంలో కూడా తేలదు."

"ఇవ్వను."

"ముప్ఫై ఇచ్చావుగా. మాట నిలబెట్టుకున్నట్టే."

"ఒక్కటి కూడా మీ త్రాసు ఎక్కదని కదా అన్నాను. ఒకటి ఎక్కితే ముప్ఫై ఇచ్చి ఏం లాభం? తాళాలిచ్చేసి రేపట్నుంచి వీధి వీధీ తిరుగుతాను. మీరు మాత్రం దీని మీద చెయ్యి వేయొద్దు." పుస్తకాన్ని రెండు చేతులతో వెనక్కి లాక్కున్నాను. కోపంతోనే అనుకున్నాను.

లోపల్నుంచి మామయ్య దగ్గారు. "అమ్మాయ్. నా కుర్చీ కింద సంచీ ఉంటుంది. ఇలా తీయి."

గుడ్డసంచీ. ఆయన కళ్ళజోడూ మందులూ అందులోనే ఉంటాయి కాబట్టి నేనెప్పుడూ వెతకలేదు. అడుగున గోధుమరంగు కాగితం అట్ట వేసిన పుస్తకం తగిలింది. తెరిచాను. మొదటి భాగం. చివరి పేజీలో గుర్తుకి కంటి ఆసుపత్రి చీటీ పెట్టి ఉంది.

"ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు అల్మరాలో ఒకటే మిగిలి ఉంది. ఒంటికన్నుతో రెండు రోజుల్లో చదివేశాను" అన్నారు. "ఇది ఇక్కడితో ఆగే కథ కాదని అర్థమైంది. అందుకే ఉత్తరం రాశాను."

"మరి రెండో భాగం మీ మోకాలి పక్కనే ఉందిగా, ఇన్నేళ్ళూ. ఎందుకు తీసుకోలేదు?"

"వడ్డించేవాడు అందరూ లేచాక కదమ్మా తినేది."

"కళ్ళు కనబడే రోజుల్లో చదువుకుని ఉంటే ఎవరు కాదన్నారు మామయ్యా? ఇప్పుడు అక్షరం కూడా కనబడదు కదా."

"నువ్వు చదివావా?"

"లేదు."

"మరి."

ఈసారి కోపం రాలేదు, ఏడుపే వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకోకుండా ఏడ్చాను. ఇరవై ఆరేళ్ళుగా నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్న బరువుకి రెండో కొస ఆయన పట్టుకుని ఉన్నారని నాకేం తెలుసు? ఒక్కనాడూ చెప్పలేదు. చెప్తే నేను కుంగిపోతానని చెప్పలేదు.

మొహం తుడుచుకుని పాఠకుల పుస్తకం తెరిచాను. నలభయ్యో వరసలో "దగ్గుతోనే అన్నీ చెప్తారు" అని రాసి, పైకి చదివాను. ఆయన దగ్గబోయి ఆపుకున్నారు.

"ఐదింటికి ఇంకా ఇరవై నిమిషాలుంది" అన్నాను చిత్తు కాగితాల ఆయనతో. "అల్మరాల మీద అప్పటిదాకా చెయ్యి వేయొద్దు."

"నాకేం తొందర లేదమ్మా" అని ఆయన గుమ్మంలో చతికిలబడ్డాడు. "ఇంతకీ ఆవిడ ఎక్కిందా లేదా? పన్నెండు రోజులుగా ఈ బోర్డు చూసి చస్తున్నాను."

ఖాళీ పెట్టె ఒకటి బోర్లించుకుని మామయ్య కుర్చీ పక్కన కూర్చున్నాను. పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. గోటితో నెమ్మదిగా విడదీసి మొదటి వాక్యం గట్టిగా చదివాను. పడవ ఒడ్డుకి తగిలింది, ఆమె పెట్టె కింద పెట్టింది అని ఉంది. మామయ్య కుర్చీలో ముందుకు వంగారు.

అప్పుడే ఎవరో ఆవిడ చేతిసంచీతో హడావిడిగా వచ్చి, చిత్తు కాగితాల ఆయన పక్కనుంచి లోపలికి తొంగిచూసింది. ఖాళీ అల్మరాల వంక, నా వంక చూసింది.

"అయ్యో, అయిపోయాయా అమ్మా?"

"నిండుకున్నాయండీ" అన్నాను తలెత్తకుండా.

"చదువమ్మా" అన్నారు మామయ్య.